నాదపరీక్షకుడు చంద్రశేఖర వేంకట రామన్

శాస్త్రప్రవృత్తి మూడు విధాలని న్యాయభాష్యకారుడు వాత్స్యాయనుడు నిర్దేశించాడు. పదార్థాన్ని పేరుతో పేర్కొనడం ఉద్దేశం. దానిని తక్కినవాటి నుండి వేరుచేసే ధర్మాన్ని చెప్పడం లక్షణం. చెప్పిన లక్షణం ఆ పదార్థానికి పొసగుతున్నదా లేదా అని ప్రమాణాలతో విచారించడం పరీక్ష. సంగీతశాస్త్ర గ్రంథాలలో వాద్యాలకు సంబంధించిన ఉద్దేశ లక్షణాలు విస్తారంగా ఉన్నాయి. భరతముని వాద్యాలను తత, అవనద్ధ, ఘన, సుషిరాలని నాలుగు తెగలుగా విభజించాడు. 13వ శతాబ్దిలో శార్ఙ్గదేవుడు సంగీతరత్నాకరంలోని వాద్యాధ్యాయంలో ఒక్కొక్క వాద్యానికి కొలతలతో సహా నిర్మాణక్రమాన్ని వివరించాడు. ఇట్లా చేసిన వాద్యం ఇట్లా పలుకుతుందని ఈ గ్రంథాలు చెప్పాయి. ఎందువల్ల అట్లా పలుకుతుందన్న విచారణ మాత్రం చాలావరకు మిగిలిపోయింది. 20వ శతాబ్దిలో ఆ పరీక్షాభాగాన్ని చేపట్టిన మహనీయులు చంద్రశేఖర వేంకట రామన్. కాంతి పరిక్షేపణ పరిశోధనకు 1930లో నోబెల్ బహుమానం పొందినవారుగా వారు లోకానికి తెలుసు. అంతకు పూర్వం దాదాపు ఇరవై ఏండ్లు వారు వీణ, తంబుర, ఫిడేలు, మృదంగాల నాదాన్ని పరీక్షించారన్న సంగతి అంతగా ప్రచారంలో లేదు.

ఈ పరీక్ష అవసరమేమిటో తెలుసుకోవడానికి దూరం పోనక్కరలేదు. జగిత్యాల జిల్లా కొడిమ్యాలలోగాని, చుట్టుపట్ల కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాలలోగాని జాతర జరిగే దినాన చెవి ఒగ్గితే చాలు. డప్పును మంటకు కాచి, బిగువెక్కిన తరువాత సిర్రతోను, చిటికెన పుల్లతోను వాయిస్తారు. ఆ మోత ఊరి పొలిమేర దాటి వినిపిస్తుంది. అయినా ఆ మోత ఏ స్వరమని అడిగితే గాయకుడు చెప్పలేడు. అదే ఊరి దేవాలయంలో హరికథకో కచేరికో మృదంగం తెస్తే, వాద్యకారుడు ముందుగా దానిని శ్రుతిలో కలుపుతాడు. వలపలి మూత షడ్జాన్ని స్పష్టంగా పలుకుతుంది. రెండూ చర్మవాద్యాలే. రెండింటిలోను బిగించిన తోలే మోగుతుంది. ఒకదానికి స్వరం ఉండి మరొకదానికి లేకపోవడానికి హేతువేమి? రామన్ జీవితంలో ఒక ప్రధానభాగం ఇటువంటి ప్రశ్నలకు సమాధానం వెదకడంలో గడిచింది.

బాల్యం – విద్యాభ్యాసం

రామన్ 1888 నవంబరు 7వ తేదీన తిరుచిరాపల్లి సమీపంలోని తిరువానైక్కావల్‌లో జన్మించారు. తండ్రి చంద్రశేఖర అయ్యరు గణిత, భౌతికశాస్త్రాలలో పండితులు. వారు ఫిడేలు వాయించేవారు. 1892లో వారికి విశాఖపట్టణంలోని శ్రీమతి ఎ.వి.ఎన్. కళాశాలలో ఉపన్యాసకపదవి లభించింది. కుటుంబం ఆ పట్టణానికి తరలివచ్చేనాటికి రామన్ నాలుగేండ్లవారు. వారి బాల్యం, పాఠశాలవిద్య, ఎఫ్.ఏ. చదువు అంతా తెలుగుగడ్డమీదనే జరిగాయి. సెయింట్ అలోషియస్ పాఠశాలలో పదకొండేండ్ల వయసుకే మెట్రిక్యులేషను ముగించారు. పదమూడవ ఏట తండ్రిగారు పాఠం చెప్పే కళాశాలలోనే ఎఫ్.ఏ. ప్రథమస్థానంలో నెగ్గారు. ఇంటిలో ఒకవైపు భౌతికశాస్త్ర గ్రంథాలు, మరొకవైపు తండ్రి చేతి ఫిడేలు. తరువాతి కాలంలో ఆ రెండు విద్యలు వారి పరిశోధనలో ఏకమయ్యాయి.

మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చేరి 1904లో బి.ఏ., 1907లో ఎం.ఏ. పూర్తిచేశారు. జర్మనీ శాస్త్రజ్ఞుడు హెల్మ్‌హోల్ట్స్ స్వరశ్రవణాన్ని గురించి 1863లో ప్రకటించిన మహాగ్రంథం వారి చేతికి అందినది విద్యార్థిదశలోనే. తమ బుద్ధిని తీర్చిదిద్దిన మూడు గ్రంథాలలో అది ఒకటని వారు తరువాత చెప్పుకున్నారు. తక్కిన రెండు యూక్లిడ్ రేఖాగణితం, ఎడ్విన్ ఆర్నాల్డ్ రచించిన బుద్ధచరిత్ర కావ్యం. 1907లోనే లోకసుందరీదేవితో వివాహం జరిగింది. ఆమె వీణావాదనం నేర్చినవారు. రామన్ తొలిసారి ఆమెను చూచిన వేళ ఆమె త్యాగరాజ కీర్తనను వీణపై పలికిస్తున్నారని వారి చరిత్రకారులు చెబుతారు. ఈ విధంగా వారు పెరిగిన ఇంటిలో ఫిడేలు, గృహస్థులైన ఇంటిలో వీణ ఉండేవి.

కలకత్తా – వీణాతంత్రుల పరీక్ష

ఆనాడు భారతీయునికి విజ్ఞానశాస్త్ర పరిశోధన జీవనోపాధి కాగల స్థితి లేదు. అందువల్ల రామన్ ప్రభుత్వ ఆర్థికశాఖ పరీక్షలో నెగ్గి, 1907లో కలకత్తాలో సహాయ అకౌంటెంట్ జనరల్‌గా చేరారు. కార్యాలయానికి పోయే దారిలో బౌబజారు వీధిలో ఒక సంస్థ పేరుపలక వారి కంటబడింది. అది 1876లో డాక్టరు మహేంద్రలాల్ సర్కార్ స్థాపించిన ఇండియన్ అసోసియేషన్ ఫర్ ది కల్టివేషన్ ఆఫ్ సైన్స్. ప్రయోగశాల ఉన్నది గాని పరిశోధకులు లేరు. నాటినుండి ఉదయం కార్యాలయానికి పోకముందు, సాయంకాలం కార్యాలయం ముగిసిన తరువాత రామన్ అక్కడనే ఉండేవారు. ఆశుతోష్ డే అనే సహాయకుడు వారికి కుడిభుజమయ్యాడు. మధ్యలో రంగూనుకు, నాగపూరుకు బదిలీలు కలిగినా 1911లో మళ్లీ కలకత్తా చేరుకున్నారు. పదేండ్లపాటు పగలు లెక్కలు, ఉదయసాయంకాలాలు నాదం అన్నట్లుగా జీవితం సాగింది.

1909లో వారు ప్రకటించిన ఒక చిన్న వ్యాసానికి విషయం ఏక్‌తార. భిక్షాటనం చేసే బైరాగి చేతిలోని ఒంటితీగ వాద్యం గణితశాస్త్ర పత్రికలో చర్చకు వచ్చింది. వాద్యం ఎంత సామాన్యమైనదైనా అందులోని నాదధర్మం విచారణకు తగినదేనని రామన్ తలంపు.

తంత్రి పలికే తీరును ఇక్కడ కొంత వివరించవలసి ఉన్నది. బిగించిన తీగ ఒకే రీతిగా కంపించదు. మొత్తం తీగ ఒక కట్టుగాను, రెండు భాగాలుగాను, మూడు భాగాలుగాను ఏకకాలంలో కంపిస్తుంది. మొత్తం కంపనంవల్ల పుట్టేది మూలస్వరం. భాగాల కంపనంవల్ల దానికి రెండింతలు, మూడింతలు, నాలుగింతలు పౌనఃపున్యం గల అనుస్వరాలు పుడతాయి. రామామాత్యుడు 1550లో రచించిన స్వరమేళకళానిధిలో వీణమెట్ల నిర్ణయానికి ఆధారంగా గ్రహించిన స్వయంభూస్వరాలు ఈ కోవకు చెందినవే. తీగ భాగాలుగా కంపించేటప్పుడు వాటి నడుమ కదలక నిలిచే స్థానాలుంటాయి. వాటిని అస్పందన స్థానాలంటారు. తీగను సరిగా ఒక అనుస్వరపు అస్పందన స్థానంలో మీటితే ఆ అనుస్వరం పుట్టదని ఆంగ్ల శాస్త్రజ్ఞుడు థామస్ యంగ్ నియమం చెప్పాడు. నడుమ మీటిన తీగలో రెండవ అనుస్వరం ఉండరాదని దాని అర్థం. పాశ్చాత్య వాద్యాలలో ఈ నియమం చెల్లుతుంది.

రామన్ తంబురను, వీణను ఈ నియమంతో పరీక్షించగా అది చెల్లలేదు. ఉండరాదన్న అనుస్వరాలు స్పష్టంగా వినిపించాయి. 1921లో ప్రకటించిన వ్యాసంలో వారు దీనికి హేతువును చూపారు. పాశ్చాత్య తంత్రీవాద్యాలలో తీగ పదునైన అంచుమీదుగా పోతుంది. వీణ గుర్రంమీది లోహపు పలక పైభాగం సన్నని వంపుతో ఉంటుంది. తీగ దానిని ఒక్క బిందువులోగాక ఒరసుకుంటూ తాకుతుంది. కంపించే ప్రతిసారి తీగ ఆ వంపునకు కొంత అంటుకొని, కొంత విడివడుతుంది. తాకే స్థానం క్షణక్షణం మారుతూ ఉండడంవల్ల యంగ్ నియమానికి ఆధారమైన స్థితియే ఇక్కడ లేదు. తీగలోని శక్తి పై అనుస్వరాలకు ప్రసరిస్తుంది. తంబురలో గుర్రానికి తీగకు నడుమ జీవ అనే నూలుపోగును చొప్పించడంవల్ల ఇదే ఫలితం సిద్ధిస్తుంది. నాదం నిండుగా, దీర్ఘంగా, అనేక స్వరాలు కలిసి పలికినట్లుగా వినిపించడానికి కారణమిదే.

శార్ఙ్గదేవుడు ఏకతంత్రీవీణను వర్ణిస్తూ, తీగ కింద ఉండే లోహపత్రిక తాబేటివీపువలె ఉబ్బెత్తుగా ఉండాలని, పత్రికకు తీగకు నడుమ వెదురుతో చేసిన జీవను ఉంచాలని విధించాడు. ఆ పోగుకు జీవ అని పేరు పెట్టినవారి చెవి దాని ప్రయోజనాన్ని గుర్తించింది. రామన్ పరీక్ష ఆ ప్రయోజనానికి హేతువును చూపింది. బొబ్బిలి సమీపాన గొల్లపల్లిలో పనసదుంగను తొలిచి వీణలు చేసే శిల్పులు నేటికీ గుర్రపు పలక వంపును చెవితో వింటూ సరిచేస్తారు. విధి గ్రంథంలోను, నేర్పు శిల్పి చేతిలోను, హేతువు రామన్ వ్యాసంలోను ఉన్నాయి. మూడూ కలిస్తేగాని ఆ విద్య సమగ్రం కాదు.

ఫిడేలు – సంయోగవిభాగాలు

1917లో సర్ ఆశుతోష్ ముఖర్జీ ఆహ్వానంపై రామన్ కలకత్తా విశ్వవిద్యాలయంలో పాలిత్ ఆచార్యపదవిని స్వీకరించారు. ప్రభుత్వోద్యోగంలోని జీతం కంటె ఇక్కడి జీతం చాలా తక్కువ. ఆర్థికశాఖలో ఉన్నతపదవులు చేతికందే దశలో ఆ ఉద్యోగాన్ని విడిచిపెట్టారు. మరుసటి సంవత్సరం, 1918లో, కమానుతో వాయించే తంత్రుల కంపనాన్ని గురించి వారి బృహద్వ్యాసం వెలువడింది.

కమానుకు రోజిన్ పూస్తారు. దానివల్ల కమాను తీగను అంటిపట్టుకొని కొంతదూరం లాగుకుపోతుంది. బిగువు హెచ్చగానే తీగ జారి వెనుకకు పోతుంది. మరుక్షణం మళ్లీ అంటుకుంటుంది. ఈ పట్టువిడుపులు సెకనుకు కొన్ని వందలసార్లు జరుగుతాయి. వాటి సంఖ్యను బట్టి స్వరస్థాయి ఏర్పడుతుంది. హెల్మ్‌హోల్ట్స్ ఈ కదలికలోని ప్రధానరూపాన్ని గుర్తించాడు. ఆ కదలికకు ఎన్ని రూపాలు సాధ్యమో గణితంతో సాధించి వర్గీకరించినవారు రామన్. ఆంధ్రుడైన అన్నంభట్టు తర్కసంగ్రహదీపికలో శబ్దం సంయోగజం, విభాగజం, శబ్దజం అని మూడు విధాలని చెప్పి, భేరీదండాల తాకిడిని మొదటిదానికి, వెదురు చీలడాన్ని రెండవదానికి ఉదాహరణగా ఇచ్చాడు. ఫిడేలుతీగలో సంయోగవిభాగాలు రెండూ ఎడతెగక ఒకదాని వెంట ఒకటి జరుగుతున్నాయి. తర్కం చదివే విద్యార్థికి ఇంతకంటె చక్కని ఉదాహరణం దొరకదు.

గణితంతో తృప్తిపడక రామన్ యంత్రంతో ఫిడేలు వాయించే సాధనాన్ని ప్రయోగశాలలోనే నిర్మించి, 1920లో దాని ఫలితాలను ప్రకటించారు. మనిషి చేయి ఒత్తిడిని ఒకే రీతిగా నిలపలేదు. కనుక కమానును స్థిరంగా ఉంచి, ఫిడేలునే ముందుకు వెనుకకు నడిపించారు. కమాను గుర్రానికి దగ్గరపడేకొద్దీ స్వరం నిలవడానికి ఒత్తిడి హెచ్చవలసి ఉంటుందని ఆ కొలతలు నిరూపించాయి. వాద్యకారులకు ఇది అభ్యాసంవల్ల తెలిసినదే. దానికి కొలత ఏర్పడింది మాత్రం అప్పుడే. సెల్లో మొదలైన వాద్యాలలో ఒకానొక స్వరంవద్ద నాదం నిలవక అదరడాన్ని పాశ్చాత్యులు తోడేలుస్వరమంటారు. ఆ స్వరంవద్ద వాద్యపు కాయం తీగనుండి శక్తిని విపరీతంగా లాగుకోవడంవల్ల తీగ క్రమం తప్పుతుందని 1916లోనే రామన్ వివరించారు. పియానో సుత్తి తాకిడిపై కూడ వారు పరిశోధించారు. 1927లో జర్మనీలో వెలువడిన భౌతికశాస్త్ర మహాసంపుటాల 8వ సంపుటంలో సంగీతవాద్యాల నాదాన్ని గురించిన ప్రకరణం రాసే బాధ్యతను సంపాదకులు రామన్‌కు అప్పగించారు.

మృదంగపు మూత

ఇక డప్పు, మృదంగాల ప్రశ్నకు వస్తే, తీగ కంపనానికి తోలు కంపనానికి ఉన్న భేదమే దానికి మూలం. అంతటా ఒకే మందం గల గుండ్రని తోలును బిగించి మోగిస్తే పుట్టే అతిస్వరాలు మూలస్వరానికి పూర్ణాంకపు రెట్లుగా ఉండవు. మూలస్వరాన్ని 1 అనుకుంటే తరువాతివి సుమారు 1.59, 2.14, 2.30, 2.65, 2.92గా ఉంటాయి. ఇవి ఒకదానితో ఒకటి పొసగవు. చెవి వాటిని ఒక్క స్వరంగా కూర్చుకోలేక మోతగా గ్రహిస్తుంది. డప్పుకు నిర్దిష్టస్వరం లేకపోవడానికి హేతువిదే. ఇది లోపమని భావించరాదు. దూరం పోవడం, లయను ఖండితంగా చాటడం డప్పు ప్రయోజనం. అది దానికి సంపూర్ణంగా సిద్ధించింది.

మృదంగపు వలపలి మూత నడుమ నల్లని కరణను పొరలు పొరలుగా పూసి, ఒక్కొక్క పొరను రాయితో రుద్ది ఆరబెడతారు. నడుమ మందంగాను, అంచుకు పోయేకొద్దీ పలుచగాను ఉంటుంది. మూత చుట్టూ మరొక తోలు వలయాకారంగా ఉంటుంది. ఈ భారంవల్ల ఏమి జరుగుతుందో 1920 జనవరిలో శివకాళికుమార్‌తో కలిసి నేచర్ పత్రికలో ప్రకటించిన వ్యాసంలో రామన్ తొలిసారి వెల్లడించారు. కరణ గల మూతలో అతిస్వరాలు మూలస్వరానికి సరిగా రెండింతలు, మూడింతలు, నాలుగింతలు, అయిదింతలుగా పలుకుతున్నాయని వారు కనుగొన్నారు. అంటే ఈ చర్మవాద్యం తంత్రీవాద్యపు ధర్మాన్ని పొందింది. తబలాకూ ఇదే న్యాయం వర్తిస్తుంది.

పద్నాలుగేండ్ల తరువాత, 1934లో, బెంగుళూరులో తాము స్థాపించిన ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ ప్రచురణల మొదటి సంపుటంలోనే రామన్ ఈ విషయాన్ని సమగ్రంగా ప్రతిపాదించారు. మూతపై సన్నని ఇసుక చల్లి, తగినచోట వేలు ఆనించి మీటితే, కదలని రేఖలవద్ద ఇసుక పోగుపడి కంపనరూపం కంటికి కనబడుతుంది. ఈ ఉపాయంతో వారు తొమ్మిది కంపనరూపాలను గుర్తించారు. సామాన్యమైన తోలులో ఈ తొమ్మిదింటి స్వరాలు చెల్లాచెదురుగా ఉంటాయి. కరణ గల మూతలో అవి అయిదు గుంపులుగా కూడుతాయి. మొదటి రెండు స్వరాలకు ఒక్కొక్క రూపం, మూడు, నాలుగు స్వరాలకు రెండేసి రూపాలు, అయిదవ స్వరానికి మూడు రూపాలు. ఒకే గుంపులోని రూపాలన్నీ ఒకే స్వరం పలకడంవల్ల, వాద్యకారుడు వేలి స్థానాన్ని మార్చినప్పుడు పలుకు మారినా శ్రుతి చెడదు. అనంతరకాలంలో ఈ విషయాన్ని గణితంతో సమర్థించినవారిలో బి.ఎస్. రామకృష్ణ ముఖ్యులు. లోపలి వృత్తం బరువుగా, వెలుపలి వలయం తేలికగా ఉండే మిశ్రచర్మంగా మూతను భావించి వారు ఎం.ఎం. సోంధీతో కలిసి 1954లో సిద్ధాంతాన్ని ప్రకటించారు. తరువాత వారు హైదరాబాదు విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షులైనారు.

ప్రాచీనుల జ్ఞానం – రామన్ తీర్పు

నాట్యశాస్త్రంలో ఒక ఐతిహ్యం ఉన్నది. స్వాతి అనే ముని కొలనులో నీరు తెచ్చుకోబోగా వర్షం కురిసింది. చిన్నవి, పెద్దవి అయిన తామరాకులమీద చినుకులు పడి వేర్వేరుగా పలికాయి. ఆ ధ్వనులను మనస్సులో నిలుపుకొని ముని పుష్కరవాద్యాన్ని కల్పించాడు. అదే గ్రంథంలో భరతుడు ఆ వాద్యపు మూతలకు నదీతీరపు మట్టిని పూసి స్వరం కుదిర్చే మార్జనావిధిని చెప్పాడు. మట్టిపూతతో మొదలైన ఆ విధానమే కాలక్రమంలో నేటి కరణగా పరిణమించింది.

రామన్ ప్రాచీనుల ధ్వనిజ్ఞానాన్ని హృదయపూర్వకంగా శ్లాఘించారు. 1922లో సర్ ఆశుతోష్ ముఖర్జీ రజతోత్సవ సంపుటంలో ఆ విషయంపైనే ఒక వ్యాసం రాశారు. అయితే వారి శ్లాఘ కొలతను అనుసరించి వచ్చినదేగాని, కొలతకు ముందు వచ్చినది కాదు. పండితలోకం ఇక్కడ ఒక విషయాన్ని గమనించవలసి ఉన్నది. ప్రాచీన గ్రంథాలలో సర్వమూ ఉన్నదని చెప్పి పరీక్షను మానుకొనడం ఒక దోషం. హేతువు చెప్పలేదు గనుక ఆ గ్రంథాలలో ఏమీ లేదని తోసివేయడం మరొక దోషం. భరతునికి తొమ్మిది కంపనరూపాలు తెలుసునని చెప్పడం అసత్యమవుతుంది. మట్టిని ఊరకనే పూశారని చెప్పడం కూడ అంతే అసత్యం. శబ్దం ఆకాశగుణమని, నీటి అలలవలెనో కదంబపుష్పంవలెనో వ్యాపిస్తుందని నైయాయికులు చెప్పారు. వాయువులోని సంయోగవిభాగాలే చెవిని చేరుతాయని శబరస్వామి చెప్పాడు. నేటి భౌతికశాస్త్రం ఈ అంశంలో మీమాంసకుల పక్షానికి దగ్గరగా ఉన్నది. ఇటువంటి వివేచన పరీక్షవల్లనే సాధ్యమవుతుంది.

మరొక సంగతి. కరణను రుద్దినవారు చర్మకారులు. జీవను సరిచేసినవారు వడ్రంగులు, వాద్యకారులు. వారిలో అధికులకు పాఠశాలా ప్రవేశం లేదు. వారి పేర్లు ఏ గ్రంథంలోను లేవు. రామన్ పరీక్షలో నెగ్గిన జ్ఞానంలో పెద్దభాగం వారి చేతులలో తరతరాలుగా నిలిచినదే. శాస్త్రమర్యాదలో ఆప్తునికి గల స్థానం ఈ విషయంలో వారికి కూడ చెల్లుతుంది.

ఉత్తరజీవితం

1921లో ఐరోపా ప్రయాణం ముగించి ఓడలో తిరిగివస్తున్నప్పుడు సముద్రజలపు నీలిమ రామన్ దృష్టిని ఆకర్షించింది. నాటినుండి వారి పరిశోధన కాంతివైపు మళ్లింది. 1924లో రాయల్ సొసైటీ సభ్యత్వం, 1928 ఫిబ్రవరి 28న రామన్ ఫలితపు ఆవిష్కరణ, 1930లో నోబెల్ బహుమానం క్రమంగా సంభవించాయి. 1933లో బెంగుళూరు భారతీయ విజ్ఞానసంస్థకు అధ్యక్షులైనారు. 1948లో తమ పేరిట పరిశోధనాసంస్థను నెలకొల్పుకొని తుదివరకు అక్కడనే కృషి చేశారు. 1954లో భారతరత్న బిరుదం లభించింది. 1970 నవంబరు 21న పరమపదించారు. వారి అంత్యక్రియలు ఆ సంస్థ ఉద్యానంలోనే జరిగాయి. 1987 నుండి ఫిబ్రవరి 28వ తేదీని దేశమంతటా విజ్ఞానదినంగా పాటిస్తున్నారు.

ఆ దినాన కాంతిని గురించి ఉపన్యాసాలు జరగడం యుక్తమే. వాటితోపాటు ఒక మృదంగాన్ని, ఒక డప్పును పక్కపక్కన ఉంచి, రెండు మూతలపై చిటికెడు ఇసుక చల్లి విద్యార్థులకు చూపవచ్చు. దానికి ఖరీదైన సాధనాలు అక్కరలేదు. కొడిమ్యాల ప్రాంతపు ఒగ్గుకథలో మోగే ఒగ్గు, డోలు, తాళాలు కూడ అట్లా పరీక్షింపదగినవే. సంస్కృతం చదివినవారు గ్రంథాలలోని లక్షణాలను, భౌతికశాస్త్రం చదివినవారు కొలతలను, వాద్యం చేసేవారు తమ చేతి నేర్పును ఒకచోట చేర్చినప్పుడు రామన్ ప్రారంభించిన పరీక్ష కొనసాగుతుంది.